కోటగోడ రావి నుంచి ముఖలింగం ఇప్ప దాకా: నాలుగు రోజుల చెట్ల దారి

మొదటి రోజు: విజయనగరం కోట

విజయనగరం కోటకు వచ్చేవాళ్ళు తూర్పు సింహద్వారం చూస్తారు, లోపల మోతీమహల్ చూస్తారు, వెళ్ళిపోతారు. గోడ కోసం ఆగేవాళ్ళు తక్కువ. ఆ గోడలో మొలిచిన చెట్టు కోసం ఆగేవాళ్ళు ఇంకా తక్కువ. ఈ దారి ఆ గోడ దగ్గర మొదలై రామతీర్థం, శాలిహుండం మీదుగా వంశధార ఒడ్డున చెట్టే దేవుడైన గుడి దాకా సాగుతుంది.

మార్చి రెండో వారం దీనికి మంచి అదను. రావి పాత ఆకు రాల్చి రాగిరంగు చిగురు వేస్తుంది కాబట్టి దూరం నుంచే పోల్చుకోవచ్చు. ఊళ్ళలో చింతపండు దులుపుతుంటారు. ఇప్పపువ్వు రాలడం మొదలవుతుంది. ఎండ మాత్రం పదింటికే చురుక్కుమంటుంది కాబట్టి ఆరింటికల్లా బయల్దేరాలి. పదకొండుకి ఏదో ఒక నీడకు చేరి, మళ్ళీ నాలుగింటికి కదిలితే సరిపోతుంది.

సంచిలో 10 మీటర్ల ఫైబర్ టేపు, సుద్దముక్క, నోటుపుస్తకం, చిన్న చెక్కసుత్తి, చేతి పొడవు కర్ర ఒకటి ఉండాలి. దర్జీ టేపు ఒకటిన్నర మీటరే ఉంటుంది, పాత చింత చుట్టూ సగానికి కూడా రాదు. నైలాన్ తాడుతో కొలిచి తర్వాత తాడును కొలుద్దామనుకుంటారు కొందరు. లాగిన కొద్దీ సాగే తాడుతో తీసిన కొలత ఎందుకూ పనికిరాదు.

కోటకు 1713లో విజయదశమి నాడు శంకుస్థాపన జరిగింది. చతురస్రపు కోట, సుమారు 30 అడుగుల ఎత్తు రాతిగోడ, నాలుగు మూలలా బురుజులు. గోడ వారగా నెమ్మదిగా నడుస్తూ కళ్ళెత్తి రాతి అతుకులు చూస్తుంటే రావిమొక్కలు ఒకటొకటే కనపడతాయి. రాళ్ళను అతికి ఉంచే డంగుసున్నం రాలిపోయిన సందులో, చిటికెనవేలు కూడా దూరని చోట, జానెడు మొక్క నాలుగు ఆకులతో ఉంటుంది. ఆకు కొస సన్నగా తోకలా సాగి ఉంటే రావి. తోక లేకుండా హృదయాకారంలో ఉండి, తుంచితే తెల్లటి పాలు కారకపోతే గంగరావి అయి ఉంటుంది. దానికి పసుపు పువ్వు పూస్తుంది, రావికి బంధువు కాదు.

ఆ మొక్కను ఎవరూ నాటలేదు. గోరింకలు, పికిలిపిట్టలు, కోకిలలు, కాకులు రావిపండు తిని గోడమీద వాలి రెట్ట వేస్తాయి. విత్తనం ఆవగింజ కన్నా చిన్నది. పాత సున్నం తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి ఆ తడికే మొలుస్తుంది. ఆ తర్వాత మొక్క పైకి పెరగడానికి తొందరపడదు. నాలుగైదేళ్ళు బయట జానెడే కనిపిస్తుంది, లోపల వేరు మాత్రం తడి వెతుక్కుంటూ అతుకు వెంబడి బారలకు బారలు పోతుంది. గోడ మొదట పగలదు. లోపల వేరు లావెక్కుతుంది, రాయి బియ్యపుగింజ మందాన ముందుకు జరుగుతుంది. ఆ సందులోకి వాననీళ్ళు దిగుతాయి, మిగిలిన సున్నాన్ని కడిగేస్తాయి. రాళ్ళు రాలాక చెట్టు పగలగొట్టిందంటారు. సగం పని చేసింది నీళ్ళు.

పండగకు ముందు గోడ శుభ్రం చేయిస్తూ కత్తితో మొక్కల్ని కొట్టించడం అన్ని ఊళ్ళలోనూ ఉన్న అలవాటే. దానివల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. పైన కొట్టిన ప్రతిసారీ వేరు మొదలు నుంచి రెండు మూడు పిలకలు లేస్తాయి, వేరు మరింత బలుస్తుంది. అయిదేళ్ళు కొట్టిన మొక్క మొదలు పిడికిలంత గడ్డ కట్టి ఉంటుంది. దాన్ని గునపంతో పెకలిస్తే చుట్టూ ఉన్న రాళ్ళు వెంట వస్తాయి.

సరైన పద్ధతి మొక్క వయసును బట్టి మారుతుంది. వేలెడు మొక్కను తొలకరి తర్వాత, గోడ నానిన రోజున, మెడ దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని వేరుతో సహా లాగెయ్యాలి. ఎండిన గోడలోంచి లాగితే మెడ దగ్గరే తెగుతుంది, వేరు లోపలే ఉండిపోతుంది. కాండం బొటనవేలు మందం దాటితే లాగడం మానుకోవాలి. ముందు కొమ్మలు తగ్గించి బరువు దించాలి. తర్వాత కాండాన్ని గోడకు దగ్గరగా రంపంతో కోసి, కారే పాలు తుడిచి, కొద్ది నిమిషాల్లోనే బెరడుకు లోపలి పచ్చి వలయం మీద కలుపుమందు కుంచెతో రాయాలి. గంట ఆగి రాస్తే కోత మీద పాలు గట్టిపడి మందు దిగదు. గ్లైఫోసేట్ లాంటివి అనుమతి ఉన్న పెస్ట్ కంట్రోల్ పనివాళ్ళ చేతే వాడించాలని 2022లో కేంద్రం నిబంధన పెట్టింది, కాబట్టి ఇది దారినపోయే కూలీకి సీసా ఇచ్చి చేయించే పని కాదు. ఒక వానాకాలం ఆగి, పిలకలు లేవలేదని తేలాకే ఎండిన వేరు తీయాలి. వదులుగా ఉన్నంత మేరకు తీస్తే చాలు. గట్టిగా ఉన్నది రాయిని మోస్తూ ఉండొచ్చు, దాన్ని వదిలేయాలి.

ఇక సందు పూడ్చడం. ఎక్కువ గోడలు పాడయ్యేది ఇక్కడే. బస్తా సిమెంటు తెచ్చి సందు నింపేస్తారు. సిమెంటు రాయి కన్నా గట్టిది, తడిని బయటికి పోనివ్వదు. లోపలి తడి పక్కనున్న పాత సున్నం గుండా దారి చేసుకుంటుంది, సిమెంటు అంచు వెంట వెంట్రుకంత పగులు వస్తుంది, వచ్చే ఏటి రావివిత్తనం అందులోనే పడుతుంది. డంగుసున్నమే వాడాలి: బాగా నానబెట్టి జల్లించిన సున్నం ఒక పాలు, ఇసుక, ఇటుకపొడి కలిపి రెండు నుంచి మూడు పాళ్ళు. గానుగలో ఆడించినదైతే మరీ మంచిది. సందును ముందు తడిపి, లోపలికంటా కూరి, తడి గోనెపట్టా కప్పి రెండు వారాలు ఆరకుండా చూడాలి. మూడో రోజుకే పట్టా తీసేస్తే సున్నం పిండిలా రాలుతుంది, తప్పు మాత్రం సున్నం మీదికి పోతుంది.

కోట పక్కనున్న పెద్దచెట్టు వయసు అడిగితే అందరూ కోట వయసే చెబుతారు. కోటది మూడొందలేళ్ళు కాబట్టి చెట్టుదీ మూడొందలే అన్నది లెక్క. నమ్మే ముందు చెట్టూ గోడా కలిసే చోటు ఒకసారి చూడండి. కాండానికి చోటిచ్చి గోడ వంకర తిరిగి ఉంటే చెట్టు ముందుది. వేరు కరిగిన మైనంలా రాయి మీదుగా జారి అంచుల్ని పట్టుకుని ఉంటే గోడ ముందుది, చెట్టు తర్వాత వచ్చింది. కట్టడాల పక్కన కనిపించేవి ఎక్కువగా రెండో రకమే.

సాయంత్రం మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడికి, అంటే పైడితల్లమ్మ గుడికి, నడవచ్చు. అమ్మవారి పేరిట పొడవాటి మానును ఊరేగించే సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం నాడు, ముందురోజు తొలేళ్ళ ఉత్సవం. మార్చిలో అక్కడ మాను ఉండదు. అయినా చెట్ల గురించి తిరిగేవాళ్ళు ఈ గుడి చూడకుండా పోకూడదు, ఎందుకంటే ఈ ఊరి అతి పెద్ద వేడుక ఒక చింతచెట్టు చుట్టూ తిరుగుతుంది. అమ్మవారు పూజారి కలలోకి వచ్చి మాను ఎక్కడుందో చెబుతుందని నమ్మకం. ఆ చెట్టుకు పూజ చేసి కొట్టి, హుకుంపేటకు తెచ్చి చెక్కుతారు. సిరిమాను ఒకటి, దాన్ని మోసే ఇరుసుమాను ఒకటి, రెండూ చింతే. 50 అడుగులకు పైబడిన సిరిమాను కొసన ఆసనం కట్టి అందులో పూజారి కూర్చుంటారు. పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, జాలరి వల అనే ఊరేగింపు బృందాలు వెంట నడవగా మాను చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్ళి వస్తుంది.

చింతే ఎందుకంటే అమ్మవారి కోరిక అంటారు. చెక్కను చూసినా ఒప్పుకోవాల్సిందే. నడిచేవ గోధుమ, ఊదా కలిసిన రంగులో ఇనుములా ఉంటుంది. రోకళ్ళూ గానుగలూ చేసేది దానితోనే. మాను కొట్టిన కొద్ది వారాలకే ఊరేగుతుంది కాబట్టి చెక్క ఇంకా పచ్చిగా ఉంటుంది, ఊగుతుందే గాని పుటుక్కున విరగదు. అదే మానును ఏడాది ఎండబెడితే నెర్రెలు వస్తాయి. దొరకడమే కష్టం. రోడ్డు పక్కన, కోట పక్కన ఒంటరిగా పెరిగిన చింత రెండు నిలువుల ఎత్తులోనే కొమ్మలు వేసి గొడుగులా పరుచుకుంటుంది. 50 అడుగుల నిట్రాటి మాను కావాలంటే వెలుతురు కోసం పోటీపడి పెరిగిన తోపుచెట్టే దిక్కు. చింతతోపులు తగ్గిపోతున్న ఈ రోజుల్లో ప్రతి ఏటా రెండు మాన్లు అంటే, రెండొందల మొక్కలైనా నాటుకుంటూ పోతేనే ముందు తరాలకు మిగులుతాయి.

రెండో రోజు: రామతీర్థం

నెల్లిమర్ల మీదుగా 13 కిలోమీటర్ల లోపే. పొద్దున్నే ఆటోలు తిరుగుతాయి. రాముడి గుడి కోసం వచ్చే జనమే ఎక్కువ. గురుభక్తులకొండ మీద బౌద్ధుల ఇటుక కట్టడాల శిథిలాలున్నాయి. ఎక్కేందుకు ఎండ ముదరకముందే వెళ్ళాలి, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు పట్టుకెళ్ళాలి.

కొండమీద రాతి నెర్రెల్లో కనిపించే రావి లాంటి చెట్టు చాలాసార్లు రావి కాదు, కొండరావి. ఆకు తోక పొట్టి, ఈనెలు కాస్త గులాబీరంగు తిరిగి ఉంటాయి. మట్టి అంటూ లేని బండమీద వేళ్ళను తాళ్ళలా కిందికి దించి బతుకుతుంది. తెల్లటి కాండంతో మార్చిలో ఆకు లేకుండా నిలబడేది తపసి. బంక కోసం దాన్ని గాట్లు పెడతారు. గాటు లోతు ఎక్కువైనా, కాండం చుట్టూ కలిసిపోయినా చెట్టు చచ్చిపోతుంది.

బౌద్ధ శిథిలం పక్కన రావి కనిపించగానే ఇది ఆ కాలపు బోధివృక్షమే అనాలనిపిస్తుంది. అలా అనకుండా ఉండడానికి ఒక్క సంగతి చాలు. బుద్ధగయలోనే పాత చెట్టు 1876లో కూలిపోయింది, ఇప్పుడున్నది 1881లో పురావస్తు శాస్త్రవేత్త కన్నింగ్‌హామ్ నాటించినది. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఆ చెట్టు కొమ్మ తీసుకెళ్ళి నాటారని చెప్పే శ్రీలంకలోని అనురాధపురం చెట్టు మాత్రం ఇంకా ఉంది, తరతరాలుగా కాపలా పెట్టి కాపాడారు కాబట్టి. కాపలా లేని కొండమీద రావికి అంత ఆయుష్షు కట్టబెట్టడం మన ముచ్చటే. పైగా ఈ చెట్ల వయసు చెప్పడం నిజంగా కష్టం. మన వాతావరణంలో రావి, మర్రి కాండాల్లో ఏడాదికో వలయం స్పష్టంగా ఏర్పడదు. పాత చింతల్లో నడుమ తొర్ర పడి ఉంటుంది, లెక్కపెట్టడానికి చెక్కే మిగలదు. కాబట్టి బోర్డు మీద 500 ఏళ్ళని రాసి ఉంటే ఎలా తేల్చారో అడగండి.

కొండ దిగాక చూడాల్సింది చెట్ల కింది అరుగులు. ఇది రామతీర్థం ఒక్కచోటి మాట కాదు. ఈ నాలుగు రోజుల దారిలో ఊరూరా గుడి ముందు, చెరువుగట్టు మీద, రచ్చబండ దగ్గర ఇదే కనిపిస్తుంది. వెనకటి అరుగు రాళ్ళు పేర్చి మట్టితో కట్టినది. సందుల్లోంచి నీళ్ళు దిగేవి, గాలి ఆడేది. ఇప్పటిది సిమెంటు అరుగు, దాని మీద టైల్స్, కాండం చుట్టూ బిగించిన గట్టు. కట్టించినవాళ్ళు భక్తితోనే కట్టిస్తారు. పేరు కూడా చెక్కించుకుంటారు. చెట్టుకు మాత్రం అది మెడకు ఉరి.

చెట్టు నీళ్ళు తాగే సన్నవేళ్ళు ఎక్కువగా పైనున్న రెండడుగుల మట్టిలోనే ఉంటాయి, కొమ్మల నీడ దాటి కూడా విస్తరిస్తాయి. చెట్లవాళ్ళు పాటించే లెక్క ఒకటుంది: కాండం వ్యాసానికి 12 రెట్ల దూరం వరకు నేలను తవ్వొద్దు, కప్పొద్దు. మీటరు వ్యాసం ఉన్న రావికి చుట్టూ 12 మీటర్లన్నమాట. గుడి ముంగిట అంత చోటు ఎవరిస్తారు? కనీసం ఒక మీటరైనా వదలమని 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ వీధిచెట్ల విషయంలో ఆదేశించింది. ఇక్కడ అదీ లేదు. అరుగు ఎత్తు పెంచడం కోసం కాండం చుట్టూ మూడడుగుల మట్టి పోస్తే, ఎప్పుడూ గాలికి ఉండే బెరడు మట్టిలో నానుతుంది, కుళ్ళుతుంది. కొసకొమ్మలు ఎండడం మూడు నాలుగేళ్ళ తర్వాత మొదలవుతుంది. అప్పటికి అరుగు సంగతి ఎవరికీ గుర్తుండదు, దిష్టి తగిలిందంటారు.

ఉన్న అరుగును పడగొట్టక్కర్లేదు. కాండం చుట్టూ మీటరు వెడల్పున సిమెంటు పగలగొట్టి తీసి, కింద పోసిన మట్టిని చేత్తో, చిన్న పారతో తోడి అసలు నేలమట్టం దాకా తీసుకురావాలి. కాండం కింద వెడల్పై వేళ్ళుగా చీలే చోటు కనిపిస్తే చాలు, అక్కడ ఆగాలి. మిగిలిన అరుగుకు అడుగు ఎడంగా కన్నాలు వేసి కంకర నింపితే నీళ్ళు దిగుతాయి. ఎండాకాలంలో పనిచేయిస్తే బయటపడిన వేళ్ళు మాడిపోతాయి. తొలకరి ముందు వారమే మంచి సమయం.

పసుపు, కుంకుమ, సున్నం చారలు, జాజు చెట్టుకు చేటు చేయవు. ఆయిల్ పెయింటు చేస్తుంది, బెరడు శ్వాసరంధ్రాలు మూసుకుపోతాయి. నూలుదారం ఏడాదిలో చీకిపోతుంది. నైలాన్ దారం, సీరియల్ లైట్ల తీగ అలాగే ఉండి బెరడులోకి దిగిపోతాయి. అన్నిటికన్నా ప్రమాదం తొర్రలో దీపం. తొర్ర లోపలిది ఎండిన చెక్క, నూనె పీల్చుకుని ఉంటుంది. రాత్రి ఎవరూ లేనప్పుడు అంటుకుంటే పొగగొట్టంలా పైదాకా కాలుతుంది. దీపం అరుగు అంచున పెట్టినా అమ్మవారికి అందుతుంది.

మూడో రోజు: శ్రీకాకుళం, శాలిహుండం

విజయనగరం నుంచి శ్రీకాకుళం సుమారు 70 కిలోమీటర్లు. జాతీయ రహదారి వెడల్పు చేయడంతో రోడ్డు వారన వరసగా నాటిన పాత సాలుచెట్లు చాలామటుకు పోయాయి. మిగిలినవి ఊళ్ళలోకి చీలే పాతరోడ్ల మీద కనిపిస్తాయి, ఎక్కువగా చింతలు. మార్చిలో వాటికింద పట్టాలు పరిచి కాయ దులుపుతుంటారు. దులిపేవాళ్ళను అడిగితే ఏ కొమ్మ గుల్లో, ఏది మనిషి బరువు మోస్తుందో ఠక్కున చెబుతారు. ఏటా ఎక్కేవాళ్ళు కదా, ఆ మాటకు విలువివ్వాలి.

చుట్టుకొలత తీయడానికి ఇలాంటి చింతే మంచిది. నేలనుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే నాలుగున్నర అడుగుల దగ్గర, సుద్దతో గుర్తు పెట్టాలి. అటవీశాఖ లెక్కలు ఈ ఎత్తువే. నేల వాలుగా ఉంటే ఎగువ వైపు నుంచి కొలవాలి. ఆ ఎత్తులో బుడిపె ఉంటే దానికి కాస్త పైన, అక్కడే కొమ్మలు చీలిపోతే చీలికకు కింద అన్నిటికన్నా సన్నగా ఉన్న చోట టేపు చుట్టి, ఎక్కడ కొలిచారో రాసుకోవాలి. టేపు వెనకవైపు జారి కిందికి దిగితే కొలత పెరిగిపోతుంది, ఒకరు చుట్టూ తిరిగి చూడాలి. వచ్చిన అంకెను 3.14తో భాగిస్తే వ్యాసం.

ఎత్తుకు కర్ర చాలు. చాచిన చేతి పొడవుతో సమానమైన కర్రను నిలువుగా పట్టుకుని, కర్ర అడుగు చెట్టు మొదలుకి, కర్ర కొస చెట్టు చిటారుకి సరిపోయేదాకా వెనక్కి నడవాలి. నిలబడ్డ చోటి నుంచి చెట్టు మొదలు ఎంత దూరమో చెట్టు ఎత్తు అంతే. చెట్టు ఒకవైపు ఒరిగి ఉంటే ఒరిగిన దిక్కుకు అడ్డంగా నిలబడి చూడాలి. ఎదురుగా నిలబడితే తప్పు లెక్క వస్తుంది.

చెక్కసుత్తితో కాండం చుట్టూ మెల్లగా కొట్టి చూస్తే గట్టిచోట టక్కుమంటుంది, గుల్లచోట డప్పులా మోగుతుంది. గుల్ల అనగానే చెట్టు పని అయిపోయిందనుకోకూడదు. చెట్టుకు ప్రాణం పైపొరలో ఉంటుంది, నడుమ చెక్క ఎలాగూ నిర్జీవమే. గట్టి చెక్క మందం వ్యాసార్థంలో మూడో వంతు దాకా ఉంటే చెట్టు నిలబడుతుందన్నది చెట్లవాళ్ళు వాడే కొండగుర్తు. తొర్రలో సిమెంటు నింపడం ఒకప్పటి పద్ధతి. గాలికి చెట్టు ఊగుతుంది, సిమెంటు ఊగదు. రెండిటి మధ్య ఒరుసుకుని నీళ్ళు చేరి కుళ్ళు పెరుగుతుంది. ఇప్పుడు తెలిసినవాళ్ళెవరూ నింపరు.

శాలిహుండం శ్రీకాకుళానికి 18 కిలోమీటర్ల దూరంలో, వంశధారకు దక్షిణపు ఒడ్డున కొండమీద ఉంటుంది. ఇక్కడి బౌద్ధ శిథిలాల్ని 1919లో గిడుగు రామమూర్తి వెలుగులోకి తెచ్చారు. పైకెక్కితే ఇటుక స్తూపాలు, చైత్యాల పునాదులు, కింద ఏరు, తూర్పున కళింగపట్నం వైపు సముద్రం. నీడ దాదాపు ఉండదు. ఉండకపోవడమే ఇక్కడి నియమం. స్తూపపు దిబ్బ మీద చెట్టు ఉందంటే అది భిక్షువులు వెళ్ళిపోయాక వచ్చిన చెట్టే. మనుషులు తిరిగే రోజుల్లో ఇటుకల్లో మొలిచినదాన్ని ఎవరో ఒకరు పీకేసేవారు. పెద్ద వేరు లోపల చచ్చి పుచ్చిపోయాక అక్కడ సొరంగం మిగులుతుంది, ఇటుకలు అందులోకి కుంగుతాయి. అందుకే ఇక్కడ కలుపు తీయడం ఏటా జరగాల్సిన పని. కొండ కింది వాలులో, కట్టడాలకు దూరంగా ఉన్న చెట్టు ఉండనీ, మట్టిని అదే పట్టి ఉంచుతుంది.

ఈ తీరం తుపాన్ల దారి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. అలాంటి గాలికి పడిపోయిన పెద్దచెట్ల మొదళ్ళు చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. చాలావాటికి ఒకవైపు వేళ్ళు ముందే తెగిపోయి ఉంటాయి, కాలవ తవ్వడం వల్లో రోడ్డు వెడల్పు చేయడం వల్లో. నిలిచిన చెట్ల విరిగిన కొమ్మల్ని తర్వాత ఎలా కోశారన్నదీ ముఖ్యమే. లావుకొమ్మను మూడు కోతల్లో తీయాలి. కాండానికి అడుగు దూరంలో కింది నుంచి పైకి మూడోవంతు లోతుకు మొదటి కోత. దానికి రెండు మూడు అంగుళాలు అవతలగా పైనుంచి రెండోది, కొమ్మ అక్కడ పడిపోతుంది. మిగిలిన మోడును, కాండాన్ని కలిసేచోట ఉబ్బెత్తుగా ఉండే కాలరుకు కాస్త బయటగా, మూడోసారి కోయాలి. మొదటి కోత మానేస్తే కొమ్మ పడుతూ కాండం బెరడును నేలదాకా చీల్చుకుపోతుంది. కాలరును కోసేస్తే గాయం మూసుకోదు. తారు పూయకూడదు.

తిరుగుదారిలో శ్రీకూర్మం ఉంది. ఎక్కువసేపు ఆగకపోయినా రెండు ధ్వజస్తంభాల్ని చూసి వెళ్ళండి, తూర్పున ఒకటి, పడమర ఒకటి. ధ్వజస్తంభమంటే మనకు ఇత్తడి తొడుగే కనిపిస్తుంది గాని, సంప్రదాయం ప్రకారం దాని లోపల ఉండేది నిలువెత్తు మానే. నారేప, టేకు లాంటి చేవచెట్టు కావాలి, వంకర ఉండకూడదు. సిరిమానుకు పడ్డ చిక్కే దీనికీ.

నాలుగో రోజు: శ్రీముఖలింగం

శ్రీకాకుళం నుంచి నరసన్నపేట, చల్లవానిపేట, జలుమూరు మీదుగా సుమారు 46 కిలోమీటర్లు. రైల్లో వచ్చేవాళ్ళకు తిలారు స్టేషన్ దగ్గర. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని గుర్తించారు. వంశధార ఎడమ ఒడ్డున మూడు గుళ్ళు: మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలివి. 2010 చట్ట సవరణ ప్రకారం ఇలాంటి కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. భక్తికొద్దీ కొత్త అరుగు కట్టినా దాని కిందికే వస్తుంది. రాతి సందులో మొక్క కనిపిస్తే మీరు పీకకండి, గుడి దగ్గరున్న శాఖ సిబ్బందికి చూపించండి.

మధుకమంటే ఇప్ప. శబరులు నరికిన ఇప్పచెట్టు మొదట్లో శివుడి ముఖం కనిపించిందని, అదే ముఖలింగమైందని స్థలపురాణం. గర్భగుడిలో ఉన్నది చెక్కిన లింగం కాదు, రాయిగా మారిన ఇప్పమొద్దే అంటారు. మూడు రోజులుగా గోడను కూల్చే చెట్లు, గోడ నీడలో పెరిగే చెట్లు చూసుకుంటూ వచ్చాం. ఇక్కడ చెట్టు చుట్టూనే గోడ లేచింది. గుడి గోడలమీది శిల్పాలకు ఒక పూట కేటాయించాలి, పొద్దుటి ఏటవాలు వెలుతురులో అయితే ఆకులూ తీగలూ చెక్కిన నేర్పు బాగా తెలుస్తుంది.

బతికున్న ఇప్పను చూడాలంటే పాతపట్నం, మెళియాపుట్టి వైపు కొండవాలు దాకా వెళ్ళాలి. తెల్లవారకముందే చేరాలి. ఇప్పపువ్వు రాత్రి విచ్చుకుంటుంది, గబ్బిలాలు వచ్చి తియ్యటి రేకుల కోసం కొమ్మకొమ్మా తిరిగి పరాగం మోస్తాయి, తెల్లారేసరికి రేకులు ముత్యాల్లా నేలమీద పడి ఉంటాయి. కొమ్మల చివర ఆకులు గుత్తులుగా ఉండటం, తుంచితే పాలు రావడం గుర్తులు. పూతవేళ మాత్రం చాలా కొమ్మలు మోడుగా ఉంటాయి. సవర తెగ ఆడవాళ్ళు బుట్టలతో ఏరుతుంటారు. ఏరుతున్నప్పుడు ఆ చెట్టు కింద తొక్కుకుంటూ తిరగకూడదు, ఒక్కో చెట్టూ ఒక్కో ఇంటి ఆదాయం.

ఇప్పకు వచ్చిన చేటు గొడ్డలి ఒక్కటే కాదు. రాలిన పువ్వు తేలిగ్గా కనబడాలని ఏరడానికి ముందు చెట్టు కింది ఆకూ అలమూ కాలుస్తారు. పెద్దచెట్టు మందపాటి బెరడుతో తట్టుకుంటుంది, కిందటేడు మొలిచిన మొక్కలు మాత్రం ఒక్కటీ మిగలవు. ఏటా ఇదే జరిగితే ఆ వాలులో ఉన్నవన్నీ ముసలిచెట్లే, వాటికి వారసులుండరు. కాల్చే బదులు కింద పాత చీరో వలో పరిస్తే పువ్వు శుభ్రంగా దొరుకుతుంది, మట్టి అంటదు, ధరా కాస్త బాగుంటుంది.

నాటాలనుకుంటే విత్తనం జూన్, జూలైల్లో రాలుతుంది. దాన్ని దాచుకోవడం కుదరదు. మొలిచే శక్తి కొద్ది వారాల్లోనే పోతుంది, ఎండలో ఆరబెడితే ఇంకా త్వరగా పోతుంది. రాలిన వారంలోపే గుజ్జు కడిగి, రెండు సెంటీమీటర్ల లోతున పడుకోబెట్టి విత్తాలి. తల్లివేరు సూటిగా దిగుతుంది కాబట్టి నర్సరీ సంచి అడుగు పొడవైనా ఉండాలి. పొట్టి సంచిలో వేరు అడుగున సుడి తిరుగుతుంది, అలాంటి మొక్క నాటినా పదేళ్ళకు గాలికి ఒరుగుతుంది. సంచి కింద ఇటుకలు పేర్చి నేలకు ఎడం చేయాలి, లేదంటే వేరు సంచిని చీల్చుకుని నేలలోకి పోతుంది. వచ్చే తొలకరికి నాటొచ్చు, మొదటి రెండు వేసవులు మేకల నుంచి ముళ్ళకంప కాపలా ఉండాలి.